క్లోనింగా, మిర్రరింగా? పరిశోధన దత్తాంశ భద్రతపై ఒక అభిప్రాయం

వ్యవసాయ పరిశోధనలో గడిచిపోయిన ఋతువు తిరిగి రాదు. ప్రయోగశాలలో ఒక విశ్లేషణ విఫలమైతే మరునాడు మళ్ళీ చేసుకోవచ్చు. కానీ ఒక ఖరీఫ్‌లో కురిసిన వర్షం, ఆ వర్షానికి వరి పైరు స్పందించిన తీరు, ఆ ఏడాది సుడిదోమ ఉధృతి మరొకసారి కొలవడానికి దొరికేవి కావు. ఆ కొలతలను ఒకప్పుడు ఫీల్డ్ బుక్కులలో పెన్సిలుతో నమోదు చేసి బీరువాలలో దాచేవారు. నేడవి హార్డ్ డిస్కులలో ఉన్నాయి. బీరువాకు చెద పడుతుందని, వాన నీరు చేరుతుందని అందరికీ తెలుసు కనుక తగిన జాగ్రత్త తీసుకునేవారు. హార్డ్ డిస్కుకు పట్టే చెద ఎటువంటిదో తెలియకపోవడం వల్ల, డబ్బు ఖర్చు పెట్టి కూడా రక్షణ లేని స్థితిలో అనేక విభాగాలు ఉన్నాయి.

కంప్యూటర్ల కొనుగోలుకు సంబంధించిన సమావేశాలలో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది: డిస్కును క్లోనింగ్ చేయించుకోవాలా, లేక మిర్రరింగ్ పెట్టించుకోవాలా? సరఫరాదారులు సాధారణంగా రెండవ దానిని సిఫారసు చేస్తారు. రెండు డిస్కులు అమర్చిన ఒక పెట్టెను తెచ్చి, "ఇక మీ డేటాకు ఢోకా లేదు" అని చెప్పి వెళతారు. ఆ మాటను నమ్మి బ్యాకప్ అనే పద్దు కింద బిల్లు చెల్లించి, ఆ విషయాన్ని అంతటితో మరచిపోతాము. నా అభిప్రాయంలో ఆ ప్రశ్నే సరిగా వేసినది కాదు. క్లోనింగ్, మిర్రరింగ్ ఒకే పనికి ఉన్న రెండు మార్గాలు కావు. రెండింటి ప్రయోజనాలు వేరు. పైగా, ఒక ప్రయోగపు దత్తాంశాన్ని పదేళ్ళ తరువాత కూడా చదవగలగాలన్న మన అసలు అవసరాన్ని ఈ రెండింటిలో ఏ ఒక్కటీ పూర్తిగా తీర్చదు.

మిర్రరింగ్ అంటే కంప్యూటరు ఏది రాసినా రెండు డిస్కులపై ఏకకాలంలో రాయడం. ఇది పెద్ద కంప్యూటర్లలో ముందు నుంచీ ఉన్న పద్ధతే. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ ప్రచురించిన పత్రంతో రెయిడ్ అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది. అందులో వారు మిర్రరింగ్‌ను మొదటి స్థాయిగా వర్గీకరించారు. దీని లక్ష్యం ఒక్కటే: ఒక డిస్కు చెడిపోయినా పని ఆగకూడదు. హార్డ్ డిస్కు తిరిగే యంత్రం, అది ఏదో ఒక రోజు ఆగుతుంది. లక్షల సంఖ్యలో డిస్కులను నడుపుతూ వాటి వైఫల్యాల లెక్కలను బహిరంగంగా ప్రచురించే అమెరికన్ సంస్థ బ్యాక్‌బ్లేజ్ గణాంకాల ప్రకారం, ఏటా నూటికి ఒకటి రెండు డిస్కులు విఫలమవుతూ ఉంటాయి. ఆ ఒకటి రెండులో మనది ఉన్న రోజున మిర్రరింగ్ నిజంగా ఆదుకుంటుంది. రెండవ డిస్కు పని కొనసాగిస్తుంది, చెడిన దానిని మార్చితే సరిపోతుంది. వాతావరణ కేంద్రం నుంచి పావుగంటకొకసారి ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం అందుకునే సర్వరుకు ఈ సౌకర్యం అవసరం, ఎందుకంటే అక్కడ యంత్రం ఆగిన ప్రతి గంటా రికార్డులో ఖాళీగా మిగులుతుంది.

అయితే అద్దానికి విచక్షణ ఉండదు. ఎదుట నిలిచినది ఏదైనా, ఎంత వికృతమైనదైనా, అదే చూపుతుంది. నాకు తెలిసిన ఒక పరిశోధన స్థానంలో మెట్ట వేరుశనగపై ఐదు ఋతువులు సాగిన ఒక ప్రయోగం ఉండేది. 8 ట్రీట్‌మెంట్లు, 3 రెప్లికేషన్లు, ఋతువుకు 24 మడుల చొప్పున మొత్తం 120 వరుసలున్న ఒక ఎక్సెల్ పట్టికలో దత్తాంశం అంతా ఉండేది. ఒక రోజు ఎవరో కాయల దిగుబడి ఉన్న నిలువు వరుసను ఒక్కదానినే ఎంచుకుని, తక్కువ నుంచి ఎక్కువకు క్రమబద్ధం చేశారు. పక్క వరుసలు కదలలేదు. ప్రోగ్రామ్ ఇటువంటి సందర్భంలో హెచ్చరిక చూపిస్తుంది. దానిని చదవకుండానే నొక్కి ఉంటారు. ఫైలు భద్రపరచి మూసివేశారు. మిర్రరింగ్ అమర్చిన ఆ పెట్టెలోని రెండు డిస్కులూ ఆ తప్పును ఒకే క్షణంలో విధేయంగా నమోదు చేసుకున్నాయి.

విషయం బయటపడింది నాలుగో నెలలో, గణాంక విశ్లేషణకు కూర్చున్నప్పుడు. దిగుబడి ఏడాదికేడాది మెట్లెక్కినట్లు పెరుగుతూ కనిపించింది. నాలుగో ఏడాది తీవ్ర బెట్ట పడి పైరు ఎండిన సంగతి అందరికీ గుర్తుంది. పట్టికలో ఆ ఏడాది దిగుబడి మూడో ఏడాది కంటే ఎక్కువగా ఉంది. అప్పుడు అనుమానం వచ్చింది. ఆ స్థానంలో మరొక జాగ్రత్త కూడా ఉండేది: ప్రతి నెలా మొదటి తేదీన డిస్కు మొత్తాన్ని బయటి డిస్కుపైకి క్లోన్ చేసేవారు. కానీ ఉన్నది ఒకే బయటి డిస్కు కావడం వల్ల కొత్త క్లోన్ పాత దానిపైనే పడేది. నాలుగు నెలలు గడిచేసరికి క్లోన్‌లో కూడా చెదిరిన పట్టికే ఉంది. చివరికి ఆదుకున్నవి క్షేత్ర సహాయకుడు అట్టపెట్టెలో దాచిన ఫీల్డ్ బుక్కులు. మొదటి నాలుగు ఋతువుల అంకెలు వాటిలో దొరికాయి. ఐదో ఋతువు కొలతలను పుస్తకంలో రాయకుండా నేరుగా కంప్యూటరులో ఎక్కించారు. నాలుగు ఋతువుల 96 అంకెలను తీసివేయగా మిగిలిన 24 అంకెలు ఐదో ఋతువువేనని తేలింది, కానీ ఏ అంకె ఏ మడిదో చెప్పగలిగే ఆధారం ఎక్కడా లేదు. ఆ దత్తాంశంపై పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థిని మరొక ఋతువు ప్రయోగం వేయవలసి వచ్చింది. ఫెలోషిప్ గడువు మాత్రం ముందే ముగిసింది.

ఈ ఉదంతంలో ఏ డిస్కూ చెడిపోలేదని గమనించాలి. యంత్రాలన్నీ తమ పని తాము సక్రమంగా చేశాయి. పరిశోధన దత్తాంశం నశించడానికి డిస్కు వైఫల్యం ఒక్కటే కారణమని అనుకోవడం, పైరు దెబ్బతినడానికి అనావృష్టి ఒక్కటే కారణమనుకోవడం వంటిది. పొరపాటున చెరిపివేయడం, తప్పుగా మార్చి భద్రపరచడం, వైరస్ సోకడం, దొంగతనం, అగ్నిప్రమాదం, వరద ఇవన్నీ ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కదానికీ మిర్రరింగ్ మందు కాదు.

అగ్రానమీ చదివినవారికి ఈ విషయం కొత్తగా బోధించవలసిన అవసరం లేకపోవాలి. ప్రయోగ రూపకల్పనలో రెప్లికేషన్ ఎందుకు చేస్తామో మొదటి సంవత్సరం పీజీ విద్యార్థికి తెలుసు. ఒకే మడిలో పది మొక్కలు కొలిచి, పది రెప్లికేషన్లు ఉన్నాయని ఎవరైనా థీసిస్‌లో రాస్తే పరీక్షకుడు ఒప్పుకోడు. ఆ పది మొక్కలకూ నేల ఒకటే, నీరు ఒకటే, నీడ ఒకటే; వాటికి స్వతంత్రత లేదు. 1984లో స్టువర్ట్ హర్ల్‌బర్ట్ ఇటువంటి లెక్కను సూడోరెప్లికేషన్ అన్నారు. ఒకే పెట్టెలో పక్కపక్కన తిరిగే రెండు డిస్కులు సరిగ్గా అటువంటివే. రెండింటికీ విద్యుత్ సరఫరా ఒకటే, కంట్రోలరు ఒకటే, ఏసీ పని చేయని మే నెల వేడి ఒకటే, వాటికి ఆజ్ఞలిచ్చే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటే. చాలా సందర్భాలలో అవి ఒకే కర్మాగారంలో, ఒకే విడతలో తయారై, ఒకే రోజున పని మొదలుపెట్టినవి. వోల్టేజీ ఒక్కసారి ఎగసిపడితే రెండూ కలిసి పోవచ్చు. డిస్కుల సంఖ్య రెండైనా, ప్రమాదం దృష్ట్యా ప్రతి ఒక్కటే.

క్లోనింగ్ సంగతి వేరు. ఒక డిస్కులోని ప్రతి సెక్టారును, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాములు, వాటి లైసెన్సులు, అమరికలు, ఫైళ్ళు అన్నింటినీ ఒక నిర్దిష్ట సమయంలో ఉన్నవి ఉన్నట్లు మరొక డిస్కుపైకి దించడం క్లోనింగ్. ఆ తరువాత క్లోన్‌ను విప్పి పక్కన పెట్టవచ్చు. అసలు డిస్కులో ఆ పైన ఏమి జరిగినా క్లోన్‌కు తెలియదు. దాని బలం ఆ తెలియకపోవడంలోనే ఉంది. బంగినపల్లి అంటులాగా, అది తల్లి చెట్టు నుంచి విడిపోయిన నాటి లక్షణాలను మోసుకుపోతుంది. తరువాత తల్లి చెట్టు పిడుగుపడి కాలిపోయినా అంటుకు ఏమీ కాదు.

అంటుతో వచ్చే కష్టం కూడా క్లోన్‌కు ఉంది. ఎర్రకుళ్ళు తెగులు ఉన్న చెరకు తోట నుంచి ముచ్చెలు తెచ్చి నాటితే తెగులు కూడా వెంట వస్తుంది. బంచీటాప్ వైరస్ సోకిన అరటి పిలకల విషయమూ అంతే. వైరస్ చేరిన కంప్యూటరును క్లోన్ చేస్తే వైరస్‌తో కూడిన క్లోన్ తయారవుతుంది. అందుకే విత్తన తోటను ముందుగా తనిఖీ చేసినట్లు, క్లోన్ తీసే ముందు యాంటీవైరస్‌తో పరీక్షించి, డిస్కు ఆరోగ్య సూచికలను చూడాలి. డిస్కు ఇప్పటికే కటకటమని శబ్దం చేస్తున్నట్లయితే మామూలు క్లోనింగ్ ప్రోగ్రామ్‌తో గంటల తరబడి దానిని తిప్పడం మంచిది కాదు. డీడీరెస్క్యూ వంటి ప్రోగ్రాములు చదవగలిగిన భాగాలను ముందుగా తీసుకుని, చెడిన భాగాల వద్దకు తరువాత వస్తాయి. అటువంటి పనిని తెలిసినవారికి అప్పగించడం మేలు.

క్లోనింగ్‌కు నిజమైన స్థానం ఎక్కడుందో మన ప్రయోగశాలలలోకి వెళ్ళి చూస్తే అర్థమవుతుంది. అటామిక్ అబ్సార్ప్షన్ స్పెక్ట్రోఫోటోమీటరు, గ్యాస్ క్రొమటోగ్రాఫు వంటి పరికరాలకు జోడించిన కంప్యూటర్లను చూడండి. వాటిలో చాలా వరకు విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 కాలం నాటివి. పరికరం ఇంకా చక్కగా పని చేస్తుంటుంది, కానీ దానిని నడిపే ప్రోగ్రామ్ కొత్త విండోస్‌లో ఎక్కదు. ఇన్‌స్టలేషన్ సీడీ ఎవరి సొరుగులో ఉందో తెలియదు. పరికరాన్ని అమ్మిన సంస్థ ఆ నమూనాకు మద్దతు ఆపివేసి ఉంటుంది. కాలిబ్రేషన్ ఫైళ్ళు, విశ్లేషణ పద్ధతుల అమరికలు అన్నీ ఆ ఒక్క డిస్కులోనే ఉంటాయి. ఆ డిస్కు పోతే లక్షల రూపాయల పరికరం బల్ల మీద బరువుగా మిగులుతుంది. ఇటువంటి ప్రతి కంప్యూటరుకు ఒక క్లోన్ తీసి, పరికరం పేరు, తేదీ రాసిన చీటీ అంటించి, బీరువాలో పెట్టడం ఏ ప్రయోగశాల బాధ్యుడైనా ఈ నెలలోనే చేయగలిగిన పని. దాని అమరికలు తరచూ మారవు కనుక ఏడాదికొక్కసారి క్లోన్ తీసినా సరిపోతుంది. ప్రోగ్రామ్ లైసెన్సు కంప్యూటరులోని ఇతర భాగాలకు ముడిపడి ఉండే సందర్భాలు కూడా ఉంటాయి కాబట్టి, క్లోన్‌ను ఒకసారి అదే కంప్యూటరులో బిగించి పరికరం నడుస్తున్నదో లేదో చూసుకోవాలి.

చిన్నవిగా కనిపించే రెండు ఆచరణ విషయాలు ఇక్కడే చెప్పాలి. క్లోనింగ్ చేసేటప్పుడు ఏది మూలం, ఏది గమ్యం అన్నది తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కుపై పడుతుంది. తెరపై రెండు డిస్కుల పేర్లూ ఒకేలా కనిపించేటప్పుడు ఇది జరగడానికి ఎంతోసేపు పట్టదు. వేర్వేరు పరిమాణాల డిస్కులు వాడితే గుర్తుపట్టడం సులభం. రెండవది, క్లోన్‌ను, అసలును ఒకే కంప్యూటరుకు తగిలించి ఉంచకూడదు. రెండింటి గుర్తింపు సంఖ్య ఒకటే కావడం వల్ల విండోస్ వాటిలో ఒకదానిని పక్కన పెడుతుంది. అదీగాక, తగిలించి ఉన్న క్లోన్ క్లోన్‌గా ఎక్కువ రోజులు మిగలదు.

ఇక పరిశోధన దత్తాంశం. దీని గురించి సాధారణంగా పట్టించుకోని ఒక వాస్తవం ఉంది: మన అత్యంత విలువైన దత్తాంశం పరిమాణంలో అత్యంత చిన్నది. డ్రోన్ చిత్రాలు గిగాబైట్ల కొద్దీ ఉంటాయి, నిజమే. కానీ ఒక ప్రయోగం పదేళ్ళ దిగుబడులు, పిలకల సంఖ్య, నేల విశ్లేషణ ఫలితాలు, వాతావరణ నమోదులు అన్నీ కలిపితే ఒక పెళ్ళి వీడియోలో వందో వంతు కూడా ఉండవు. ఇంత చిన్న దాని కోసం 1 టెరాబైట్ డిస్కును ప్రతిసారీ మొత్తంగా క్లోన్ చేయడం గింజల కోసం గాదెను మోయడమే. కావలసింది ఆ ఫైళ్ళ పాత రూపాలు కూడా నిలిచి ఉండే ఏర్పాటు. నిన్నటి పట్టిక, గత వారపు పట్టిక, గత నెల పట్టిక, ప్రతి ఋతువు చివరి పట్టిక వేర్వేరుగా ఉండాలి. ఫైలు పేరులో తేదీ చేర్చి కొత్త ప్రతిగా దాచడం దీనికి అతి సులువైన రూపం. మారిన భాగాలను మాత్రమే తేదీల వారీగా దాచే బ్యాకప్ ప్రోగ్రాములు అదే పనిని శ్రమ లేకుండా చేస్తాయి. వేరుశనగ ప్రయోగం విషయంలో నాలుగు నెలల కిందటి ప్రతి ఒక్కటి ఉన్నా ఆ విద్యార్థినికి ఆ కష్టం వచ్చేది కాదు.

మిర్రరింగ్ అనే మాట మరొక రూపంలో కూడా మన కంప్యూటర్లలోకి వచ్చింది. విండోస్‌లోని రోబోకాపీ ఆజ్ఞకు మిర్ అనే అంశం జోడిస్తే, గమ్యపు ఫోల్డరును మూలపు ఫోల్డరుకు అచ్చమైన ప్రతిగా చేస్తుంది. మూలంలో లేని ఫైలు గమ్యంలో ఉంటే దానిని తొలగిస్తుంది కూడా. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ వంటి సేవలు ఫోల్డర్లను సింక్ చేసే తీరు కూడా ఇదే స్వభావం కలది: ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. ఈ సేవలలో చెత్తబుట్ట, పాత రూపాల సౌకర్యం కొంత కాలపరిమితితో ఉంటాయి. ఆ పరిమితి సాధారణంగా రోజులలో ఉంటుంది, మన పంట కాలం నెలలలో ఉంటుంది. జూన్‌లో చెరిగిపోయిన ఫైలు అవసరం నవంబరులో కోతల తరువాత గానీ తెలియదు.

ప్రతులను ఎక్కడ ఉంచాలన్న విషయంలో విత్తన నిధుల నిర్వాహకులు మనకంటే చాలా ముందున్నారు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలో 2008లో ప్రారంభమైన ప్రపంచ విత్తన నిధి, ఇతర జన్యు నిధులలో ఉన్న విత్తనాలకు రక్షణ ప్రతులను దాచే చోటు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా తన సేకరణల ప్రతులను అక్కడ ఉంచింది. సిరియాలో అలెప్పో సమీపాన ఉన్న ఇకార్డా జన్యు నిధిలో అంతర్యుద్ధం వల్ల పని సాగని పరిస్థితి ఏర్పడినప్పుడు, 2015లో ఆ సంస్థ స్వాల్‌బార్డ్ నుంచి తన విత్తనాలను వెనక్కు తీసుకుంది. ఆ నిధి నుంచి విత్తనాలు బయటకు రావడం అదే మొదటిసారి. వాటిని లెబనాన్, మొరాకోలలో తిరిగి పండించి, 2017లో కొంత భాగాన్ని మళ్ళీ స్వాల్‌బార్డ్‌కు పంపారు. అలెప్పోలోనే పక్క గదిలో రెండవ ప్రతి ఉండి ఉంటే ఏమి జరిగేదో ఊహించవచ్చు. విత్తనాలకు ఇంత చేసే శాస్త్ర సమాజం, ఆ విత్తనాల గురించి నమోదు చేసిన సంఖ్యలను ఒకే గదిలో ఒకే బల్ల కింద ఉంచుతున్నది.

మన తీరానికి తుఫానులు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలో ఇళ్ళను, కార్యాలయాలను రోజుల తరబడి ముంచింది. డేటా కేంద్రాలకు కూడా మినహాయింపు లేదు: 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రం అగ్నికి ఆహుతైనప్పుడు, అసలును, బ్యాకప్‌ను ఒకే ప్రాంగణంలో ఉంచుకున్న వినియోగదారులు రెండింటినీ పోగొట్టుకున్నారు. మన విశ్వవిద్యాలయాలకు ఒక సహజమైన అనుకూలత ఉంది. పరిశోధన స్థానాలు వేర్వేరు వ్యవసాయ వాతావరణ మండలాలలో విస్తరించి ఉన్నాయి. అనకాపల్లి ప్రతి తిరుపతిలో, మారుటేరు ప్రతి నంద్యాలలో, జగిత్యాల ప్రతి పాలెంలో ఉంచుకోవచ్చు. సమీక్ష సమావేశాలకు శాస్త్రవేత్తలు ఎలాగూ ప్రయాణిస్తారు. సంచిలో ఒక డిస్కు అదనపు బరువు కాదు.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం దీనినే చెబుతుంది: మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. దానికి నేను చేర్చదలచినది, ఆ మూడింటిలో కనీసం ఒకటి ఏ తీగకూ తగలకుండా ఉండాలన్నది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగి రోగుల సేవలు కాగితంపైకి మారవలసి వచ్చింది. అక్కడ దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు ఉండడం వల్ల ఈ-హాస్పిటల్ దత్తాంశాన్ని తిరిగి పొందగలిగారు. ఇటువంటి రాన్సమ్‌వేర్ తనకు కనిపించే ప్రతి డిస్కునూ తాకుతుంది. మిర్రర్ దానికి ఎల్లప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది.

ప్రతి ఉన్నంత మాత్రాన సరిపోదు, అది మొలకెత్తాలి. వరి విత్తనాన్ని ధ్రువీకరించాలంటే కనీసం 80 శాతం మొలక ఉండాలి. బస్తా బరువు చూసి ఎవరూ ధ్రువపత్రం ఇవ్వరు. బ్యాకప్‌కు మొలక పరీక్ష అంటే, దానిలోని ఫైళ్ళను వేరొక కంప్యూటరులో తెరిచి చూడడం. 2017 జనవరి 31న సాఫ్ట్‌వేర్ సంస్థ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున ప్రధాన డేటాబేస్‌ను తొలగించారు. ఆ సంస్థకు అనేక బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నాయి. అవసరం పడినప్పుడు చూస్తే, రోజువారీ బ్యాకప్ ప్రోగ్రామ్ వెర్షన్ తేడా వల్ల కొంతకాలంగా విఫలమవుతూ ఉందని, ఆ విషయం ఎవరికీ తెలియలేదని బయటపడింది. దాదాపు ఆరు గంటల ముందు తీసిన ఒక ప్రతి ఉండడం వల్ల బయటపడగలిగారు. తమ వైఫల్యాన్ని వివరంగా ప్రచురించిన ఆ సంస్థ నిజాయితీని మెచ్చుకోవాలి. సాంకేతిక నిపుణులతో నిండిన సంస్థలోనే ఇలా జరిగితే, ఒక్క కంప్యూటరు ఆపరేటరుతో నడిచే మన స్థానాల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

దీర్ఘకాలిక ప్రయోగాల విషయంలో ఈ బాధ్యత మరింత బరువైనది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో లాస్, గిల్బర్ట్ ప్రారంభించిన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం నేటికీ కొనసాగుతున్నది. నూటఎనభై ఏళ్ళ దిగుబడులను, నేల నమూనాలను వారు నిలుపుకున్నారు కనుకనే, ప్రారంభకులు ఊహించనైనా ఊహించని ప్రశ్నలకు నేడు జవాబులు వెదకగలుగుతున్నారు. మన దేశంలో దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల అఖిల భారత పథకం 1970లో మొదలైంది. జగిత్యాల ఆ కేంద్రాలలో ఒకటి. ఇటువంటి ప్రయోగంలో ఒక ఏడాది దత్తాంశం పోవడమంటే ఒక ఏడాది పోవడం కాదు, గొలుసు తెగడం. ఇన్నేళ్ళ కాలంలో నిల్వ మాధ్యమం ఎన్నోసార్లు మారుతుంది. 1990లలో ఫ్లాపీలపై, డీబేస్ రూపంలో దాచినవి నేడు చదవడానికి యంత్రమే దొరకదు. అందువల్ల ప్రతి పట్టికకు సాదా సీఎస్‌వీ రూపంలో ఒక ప్రతి ఉండాలి. దానితో పాటు ట్రీట్‌మెంట్ల వివరణ కూడా ఉండాలి. టీ1 నుంచి టీ8 వరకు అంకెలన్నీ భద్రంగా ఉండి, టీ5 అంటే ఏ మోతాదు నత్రజనో తెలిసిన ఆచార్యులు పదవీ విరమణ చేసి వెళ్ళిపోయిన సందర్భాలు మన విభాగాలలో అరుదు కాదు. ఏ క్లోనూ ఆ జ్ఞాపకాన్ని తీసి ఉంచలేదు.

ఇందుకు నిధులు లేవనే మాట నేను అంగీకరించను. ఒక బయటి హార్డ్ డిస్కు ధర ఒక ప్రయోగానికి ఒక ఋతువులో కలుపు తీతకు అయ్యే కూలీ ఖర్చులో ఎంతో తెలిసినవారికి ఈ వాదన నిలవదని తెలుసు. లేనిది నిధి కాదు, బాధ్యుడు. విత్తనాల స్టాకు రిజిస్టరుకు, రసాయనాల స్టాకు రిజిస్టరుకు సంతకం పెట్టేవారున్నారు. దత్తాంశపు రిజిస్టరుకు ఎవరూ లేరు. పీజీ విద్యార్థుల దత్తాంశం వారి సొంత ల్యాప్‌టాప్‌లలో, పెన్ డ్రైవ్‌లలో ఉండిపోతున్నది. థీసిస్ సమర్పించిన రోజున ముద్రిత ప్రతులతో పాటు మూల దత్తాంశాన్ని కూడా విభాగానికి అప్పగించాలన్న నిబంధన ఉండాలి. ఆ అప్పగింత జరగనిదే నో డ్యూస్ పత్రం ఇవ్వకూడదు. గ్రంథాలయానికి ఒక పుస్తకం బాకీ ఉంటే ఆపగలిగిన పత్రాన్ని, రెండేళ్ళ క్షేత్ర దత్తాంశం బాకీ ఉన్నప్పుడు ఎందుకు ఆపకూడదు?

ఖరీఫ్ దిగుబడుల నమోదు డిసెంబరులో ముగుస్తుంది. ఆ నెల చివరి వారంలో ప్రతి స్థానం తన పట్టికలను తేదీతో ముద్ర వేసి, ఒక ప్రతిని జత స్థానానికి పంపి, అక్కడివారు వాటిలో ఏవైనా మూడు ఫైళ్ళను తెరిచి ఫీల్డ్ బుక్కులోని పది మడుల అంకెలతో పోల్చి చూసి, పోలిక సరిపోయిందో లేదో రిజిస్టరులో రాసి సంతకం చేయాలని నా సూచన. దీనికి ఒక పూట చాలు. రబీ దత్తాంశానికి అదే పని మే నెలలో. పరికరాల కంప్యూటర్ల క్లోన్లను వార్షిక స్టాకు తనిఖీతో పాటే పరిశీలించవచ్చు. ఇప్పటికే కొన్న మిర్రరింగ్ పెట్టెలను పారవేయనక్కరలేదు. వాటిని వాతావరణ నమోదుల సర్వర్లకు మార్చి, వాటిపై ఉన్న "బ్యాకప్" అనే చీటీని మాత్రం తీసివేయాలి. ఫీల్డ్ బుక్కులలో పెన్సిలు రాత మానవద్దని క్షేత్ర సహాయకులకు వచ్చే ఋతువు ప్రారంభానికి ముందే చెప్పవలసి ఉంటుంది.